వాట్సాప్ కొడితే... ఆకాశం నుంచి రక్తం!

ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెట్టడం మనకు చిటికెలో పని. రువాండాలో డాక్టర్లు అదే ఫోన్‌తో రక్తం ఆర్డర్ పెడుతున్నారు. వాట్సాప్‌లో చిన్న మెసేజ్ పెడితే చాలు. కాసేపటికి ఆస్పత్రి ఆవరణలోకి ఓ పెట్టె పారాచూట్‌తో మెల్లగా దిగుతుంది. లోపల అడిగిన గ్రూపు రక్తం ప్యాకెట్లు!

ఆఫ్రికాలోని ఈ బుల్లి దేశానికి 'వెయ్యి కొండల నేల' అని పేరు. మ్యాపులో పక్కపక్కనే కనిపించే ఊళ్లకు కూడా కొండలు చుట్టుకుంటూ వెళ్లాల్సిందే. వానలు పడితే మట్టిరోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లికి అంత టైమ్ ఎక్కడుంటుంది? ఒక్కోసారి గంటలోపే ప్రాణం మీదకొస్తుంది.

'ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కదా' అంటారేమో. అసలు చిక్కంతా అక్కడే. ఎర్రకణాలు ఎంత జాగ్రత్త చేసినా 42 రోజులకు మించి నిలవుండవు. ప్లేట్‌లెట్లయితే మామూలుగా ఐదు రోజులే. పైగా ఎప్పుడు ఏ గ్రూపు కావాల్సి వస్తుందో ఎవరికి తెలుసు? ఎక్కువ పెట్టుకుంటే పారబోయాలి, తక్కువ పెట్టుకుంటే పేషెంట్ దక్కదు.

అందుకే 2016 అక్టోబరులో రువాండా ప్రభుత్వం అమెరికా కంపెనీ జిప్‌లైన్‌తో కలిసి ముహంగా దగ్గర డ్రోన్ కేంద్రం తెరిచింది. స్టాక్ అంతా ఒక్కచోటే ఉంటుంది, అడిగినవాళ్లకు అడిగినంత ఎగిరిపోతుంది. మన పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్ అనుకునేరు. ఇది రెక్కలున్న చిన్న విమానం. వడిసెలలోంచి రాయి విసిరినట్టు దీన్ని గాల్లోకి విసురుతారు. గంటకు సుమారు వంద కిలోమీటర్ల వేగం. మోసేది పావు తక్కువ రెండు కిలోలే. ఆస్పత్రి దగ్గర దిగదు, పెట్టె వదిలేసి వెనక్కి తిరిగేస్తుంది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి పెట్రోలు గొడవ లేదు.

ఫలితం? 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, రోడ్డు మీద వెళ్లడంతో పోలిస్తే గంటకు పైగా ఆదా అయింది. గడువు దాటి పాడయ్యే రక్తం 67 శాతం తగ్గింది. నాకైతే వేగం కన్నా ఈ రెండో లెక్కే గొప్పగా అనిపించింది. అక్కడ రక్తం ఇచ్చేవాళ్లు పైసా తీసుకోరు మరి. అలా ఇచ్చింది మోరీ పాలవడం లేదు.

మన దగ్గరా ప్రయత్నం జరిగింది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' పేరుతో మందులు, టీకాలు డ్రోన్లలో పంపి చూశారు. అల్లూరి జిల్లా కొండల్లో గర్భిణులను డోలీల్లో మోసుకొస్తున్న వీడియోలు ఇప్పటికీ మన ఫీడ్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. ఆ డోలీ బరువును డ్రోన్ తగ్గించలేదు, దానికి రోడ్డే కావాలి. కానీ ఆ డోలీ చేరే చిన్నాస్పత్రిలో సమయానికి రక్తం ఉంటే, అక్కణ్నుంచి పెద్దాస్పత్రికి ఇంకో ప్రయాణం తప్పినా తప్పొచ్చు.

రువాండా తర్వాత 2019లో ఘనా కూడా ఈ డ్రోన్లు మొదలుపెట్టింది. వాటిలో రక్తంతో పాటు టీకాలు, మందులు కూడా ఎగురుతున్నాయి.