విశ్వవిద్యాలయములలో సమతా సభలు



మాది కొల్లేటి దాపుననున్న కలిదిండి. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విరమించి, ఇప్పుడు మా పాతాళభోగేశ్వరస్వామి కోవెల అరుగుమీద సాయంకాలములు గడుపుచున్నవాడను. మొన్న ఆ అరుగుమీదనే ఒక రైతు పెద్ద నన్ను నిలదీసినాడు. ఆయన మనుమరాలు విశ్వవిద్యాలయమున చదువుచున్నది. "ఏమండీ మాస్టారూ, పిల్లను చదువుకోమని పంపించాం. అక్కడ ఇవాళ అంబేద్కరు జయంతట, రేపు గిరిజన దినమట, ఎల్లుండి వికలాంగుల సభట. ఇవి చదువులా, రాజకీయాలా? పిల్లను వెనక్కి తెచ్చేద్దామని ఉంది" అనినాడు. ఈ సందేహము ఆయన యొక్కనిదే కాదు. కనుక ఈ సభలు ఎట్టివో, ఏల పుట్టినవో, వాని యందలి మంచియెంతో లోపమెంతో నేడు మీకు విన్నవించెదను.

మొదట పేరునే చూతము. విశ్వమనగా సమస్తము. సమస్తమునకును తావు లేనిచో ఆ పేరు ఆ విద్యాలయమునకు చెల్లదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో వెలసి, పిదప వాల్తేరు చేరినది. మనకు చేరువగా ఆదికవి నన్నయ పేర 2006లో రాజమహేంద్రవరమున ఒక విశ్వవిద్యాలయము ఏర్పడినది; తాడేపల్లిగూడెమునను దానికి ప్రాంగణము కలదు. ఆ తాడేపల్లిగూడెముననే 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. అందలి సీట్లలో సగము మన రాష్ట్రమువారికి, సగము ఇతర రాష్ట్రములవారికి. మన చిన్ననాటి బడిలో ఒక యూరి పిల్లలే కూర్చుండెడివారు. నేడు వసతిగృహమున ఒకే గదిలో మన్యపు కోయ యువకుడును, కొల్లేటి లంకలో చేపలు పట్టువారి బిడ్డయు, భూస్వామి కుమారుడును, చూపులేని విద్యార్థియు కలసి యుండవలసి వచ్చుచున్నది. ఒకరి భాష యొకరికి రాదు. ఒకరి కష్టము మరియొకరికి తెలియదు.

వీరందరు అచ్చటికి ఎట్లు చేరిరి? దీనికి ఒక చరిత్ర కలదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము కులమును, మతమును, స్త్రీపురుష భేదమును పట్టి ప్రభుత్వము వివక్ష చూపరాదని 15వ అధికరణమునను, అస్పృశ్యత రద్దు చేయబడినదని 17వ అధికరణమునను శాసించినది. ఆ మరుసటి యేడే ఒక చిక్కు వచ్చినది. మద్రాసు రాష్ట్రమున కళాశాలల సీట్లను వర్గములవారీగా పంచు ఉత్తరువు చెల్లదని 1951లో చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతట పార్లమెంటు ఆ యేడే రాజ్యాంగమును మొదటిసారి సవరించి, వెనుకబడినవారికొరకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికొరకును ప్రత్యేక యేర్పాట్లు చేయవచ్చునని 15వ అధికరణమునకు నాలుగవ ఖండమును చేర్చెను. వికలాంగులకు ఉన్నతవిద్యలో నూటికి ఐదు సీట్లకు తగ్గకుండ ఇయ్యవలెనని 2016 నాటి చట్టము నిర్ణయించినది. ఇట్లు తలుపు తెరవబడినది. కాని తలుపు తెరచుట వేరు, లోనికి వచ్చినవానిని పీట వేసి కూర్చుండబెట్టుట వేరు. మొదటిది చట్టము చేయగలదు. రెండవది మనుష్యులే చేయవలెను. ఈ సభలు ఆ రెండవ పనికొరకు పుట్టినవి.

ఏప్రిలు 11న జ్యోతిరావు ఫూలే జయంతి. 14న అంబేద్కరు జయంతి. నవంబరు 26న రాజ్యాంగ దినము. మార్చి 8న మహిళా దినము. ఆగస్టు 9న ఆదివాసుల దినము. డిసెంబరు 3న వికలాంగుల దినము. ఆ దినములలో ఉపన్యాసములుండును, పాటలుండును, పుస్తకముల ప్రదర్శనములుండును, కొన్ని తావుల సహపంక్తి భోజనములుండును. అన్నిటికంటె ముఖ్యమైనది, విద్యార్థులు తమ యనుభవమును తామే లేచి చెప్పుట.

పోయినవారిని తలచుకొనుట మనకు క్రొత్త యాచారము కాదు. పదునొకండవ శతాబ్దమున మా కలిదిండి యుద్ధములో మడిసిన మువ్వురు చోళ సేనానుల స్మృతికి రాజరాజనరేంద్రుడు శివాలయములు కట్టించినట్లు ఆయన తామ్రశాసనము చెప్పుచున్నది. సేనానుల పేర్లు రాగిరేకున నిలిచినవి. వారి గుఱ్ఱములకు గడ్డి కోసినవారి పేర్లు, గాయపడినవారికి నీళ్లు మోసినవారి పేర్లు ఏ రేకునను లేవు. శాసనమున కెక్కని ఆ కుటుంబముల బిడ్డలు నేడు విద్యాలయమునకు వచ్చి, మా పెద్దలనుగూడ తలచుకొందుమనుచున్నారు. ఇందులో తప్పేమి?

ఇక నా సంగతి యొకటి చెప్పవలెను. 1988 ప్రాంతమున నేనొక పల్లె బడిలో కొత్త ఉపాధ్యాయుడను. విద్యార్థి వేతనముల జాబితా చదువునప్పుడు కులము పేరు పిలిచి, "వీళ్లంతా లేచి నిలబడండి" అనెడివాడను. అది నాకు లెక్క సరిచూచుకొను పద్ధతిగా మాత్రమే తోచెడిది. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేవలేదు. పొగరనుకొని వెలుపల నిలబెట్టితిని. ఆ వారమే వాడు బడి మానినాడు. ఇంటి యిబ్బందులు కాబోలునని నేను మఱచితిని.

కొన్నియేండ్ల క్రిందట ఒక యువతి మా యింటికి వచ్చి, తమ విశ్వవిద్యాలయమున అంబేద్కరు జయంతికి రమ్మని ఆహ్వానించినది. ఆ బాలుని కుమార్తె. వెళ్లితిని, ముందు వరుసలోనే కూర్చుండబెట్టిరి. ఆమె లేచి, తన తండ్రి చదువు తొమ్మిదవ తరగతితో ఏల ఆగినదో చెప్పినది. బీదతనము వలన కాదట. పదిమందిలో పేరు పిలిచిన తీరు వలననట. పిలిచినవాని పేరు మాత్రము చెప్పలేదు. నా చేతిలోని పూలదండ బరువెక్కినది. సభ ముగిసిన పిదప ఆమెను ప్రక్కకు పిలిచి, "అమ్మా, ఆ మాస్టారిని నేనే" అంటిని. "తెలుసు మాస్టారూ. తెలిసే పిలిచాను" అనినది. మరునాడు ఆమె తండ్రి యింటికి పోయితిని. ఆయన కుర్చీ వేసి, చెరువుల సంగతి, రొయ్యల ధర చెప్పుచు కూర్చున్నాడు. నేను క్షమాపణ చెప్పినప్పుడు చాలసేపు ఊరకుండి, "పిల్ల చదువుతోంది గదండీ" అని మాత్రము అనినాడు.

నేను చేసిన పనికి పేరున్నదని పిమ్మట తెలిసినది. విశ్వవిద్యాలయముల నిధుల సంఘము, అనగా యూజీసీ, 2012లో చేసిన నిబంధనలలో, తరగతిలో విద్యార్థుల కులమును ప్రకటించుటను, వారిపై రిజర్వేషను ముద్ర వేయుటను వివక్షయని నిషేధించినది. ఫిర్యాదులు వినుటకు సమానావకాశ విభాగమును, వివక్ష నిరోధక అధికారిని ఏర్పరుపవలెనని సంస్థలను ఆదేశించినది. నిబంధన వ్రాసినంతనే పని యైపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున వసతిగృహమునుండి తొలగింపబడిన అయిదుగురు పరిశోధక విద్యార్థులలో ఒకడగు రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణము తీసికొనెను. దేశమందు పెక్కు ప్రాంగణములలో విద్యార్థులు సభలు జరిపిరి. ఎవరి దోషమెంతయను వాదములు అటుండనిండు. దూరమున చదువుచున్న బిడ్డ బాధ సకాలమున వినబడవలెననుట మాత్రము ప్రతి తల్లిదండ్రికి తెలిసిన మాటయే.

"ఈ సభలవలన లేని కులచింత పుట్టును గదా" యని కొందరందురు. కొల్లేటివారికి దీనికి జవాబు చెప్పుట సులభము. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి కొల్లేట పడును. నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి. ఉప్పుటేరు పూడుకొనిపోయినయేడు లంకలు మునుగును. మునకకు కారణము ఉప్పుటేరని ఎవరైన నందురా? బాధ ఇదివరకే యున్నది. సభ దానికి దారి చూపుచున్నది.

అట్లని అన్ని సభలును మంచివనను. పటమునకు దండ వేసి, ఛాయాచిత్రము తీయించుకొని చెదరిపోవు సభలు కలవు. ఏ వర్గపు సభకు ఆ వర్గమువారే పోవుటయు కలదు. అప్పుడు వినవలసినవాడు వినడు, తెలిసినవాడే మరల వినును. వినుట మాని కేకలకు దిగిన తావున చర్చ చచ్చును. సభ సఫలమైనదా కాదా యనుటకు నా గుర్తు ఒకటే: మరునాడు భోజనశాలలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో చూడవలెను.

పెద్దలారా, సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు మార్కుల నడుగుడు. దానితోపాటు నీ గదిలో ఎవరున్నారు, వారి యూరేది, వారింటి భోజనమేమి యని కూడ నడుగుడు. సభకు పోవలదనుటకంటె, అచ్చట ఏమి వింటివని యడుగుట మేలు. అవమానము జరిగినదని బిడ్డ చెప్పినచో, సర్దుకొమ్మని నోరు మూయింపకుడు. సమానావకాశ విభాగమునకు వ్రాతమూలకముగ తెలుపుమని చెప్పుడు. మన బిడ్డయే మరియొకని నవమానించెనని తెలిసినచో, అప్పుడును అంతే గట్టిగ మాటాడుడు. ఈ రెండవది కష్టము. నాకు ముప్పది యేండ్లు పట్టినది.

ఆ రైతు పెద్దకు ఇంతయు చెప్పితిని. ఆయన కండువా దులుపుకొని లేచి, "సరే, వేసవికి వస్తుందిగా, దాన్నే అడుగుతాను" అనినాడు. అంతకంటె మంచి యారంభము నాకు తోచలేదు. సెలవు.