చెవికి అందని దరువు

చెవికి వినబడని శబ్దం మనిషి చేత చిందులు వేయిస్తుందని కెనడావాళ్లు లెక్కగట్టి చూపారు. హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో లైవ్‌ల్యాబ్ అనే హాలు ఉంది. చూడటానికి కచేరీ హాలు, చేసే పనికి ప్రయోగశాల. అక్కడ ఆర్ఫెక్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట చేత కచేరీ చేయించారు. మామూలు స్పీకర్లకు తోడు 8 నుంచి 37 హెర్ట్జ్ వరకు పలికే ప్రత్యేక స్పీకర్లు పెట్టి, వాటిని రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ, ఆపుతూ పోయారు. తలకు సెన్సర్ పట్టీలు కట్టుకున్న 43 మంది కదలికలు కొలిస్తే, ఆ స్పీకర్లు మోగుతున్నప్పుడు వాళ్లు సగటున 11.8 శాతం ఎక్కువగా ఊగారని తేలింది. తర్వాత విడిగా పరీక్ష పెట్టి చూస్తే స్పీకర్లు మోగుతున్నాయో లేదో శ్రోతలు పసిగట్టలేకపోయారు. ఎందుకు ఆడుతున్నారో తెలియకుండానే ఆడారన్నమాట! 2022లో ‘కరెంట్ బయాలజీ’ పత్రిక దీన్ని ప్రచురించింది. ఈ వ్యాసంలో చెప్పబోయే వింతలన్నిటిలో నా ఓటు దీనికే.

మన చెవి హద్దు 20 హెర్ట్జ్ అని స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. నిజానికి అక్కడ గోడేమీ లేదు. 20 హెర్ట్జ్ శబ్దం లీలగా వినబడాలన్నా దాదాపు 78 డెసిబెల్స్ జోరు కావాలి. ఆ జోరుకు చెవితో పాటు చర్మం, ఛాతీ, పొట్ట కూడా స్పందిస్తాయి. లోపలి చెవిలో మన ఒంటి సమతూకం చూసుకునే చిన్న సంచి లాంటి భాగం ఒకటి ఉంటుంది. పెద్ద శబ్దానికి, అందులోనూ మంద్రస్థాయికి, అది కూడా కదులుతుందని 2000లో నీల్ టాడ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు తన సహచరుడితో కలిసి రాశారు. డాన్స్ ఫ్లోర్ మీద కలిగే హుషారుకు కొంత కారణం ఉయ్యాల ఊగినప్పటి సరదాయే కావచ్చని ఆయన ఊహ.

అతి పెద్ద గొట్టాలు

ఇంత మంద్రంగా పలికే వాద్యం ఒకటుంది, గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పైప్ ఆర్గన్. ప్రపంచంలో 64 అడుగుల నిండు పొడవు గొట్టాలున్న పైప్ ఆర్గన్‌లు రెండే. ఒకటి ఆస్ట్రేలియాలో, సిడ్నీ టౌన్‌హాల్లో 1890 నుంచి ఉంది. రెండోది అమెరికాలోని అట్లాంటిక్ సిటీ ఆడిటోరియంలో 1929-32 మధ్య కట్టినది. గొట్టాల సంఖ్యలో ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్గన్ ఈ రెండోదే. 33 వేలకు పైగా ఉన్నాయి. రెండింటిలోనూ అట్టడుగు స్వరం 8 హెర్ట్జ్. గాలిలో ఆ ఒక్క అల పొడవే దాదాపు 43 మీటర్లు. దాన్ని స్వరంగా వినలేం. హెలికాప్టర్ రెక్కల మోతలా టపటపమని ఒంటికి తగులుతుంది.

ఆర్గన్ గొట్టం పక్కన నిలబడిన అనుభవం ఒకావిడకు ఇంకెక్కడో అక్కరకొచ్చింది. శాస్త్రవేత్త కేటీ పేన్ చిన్నతనంలో కార్నెల్ యూనివర్సిటీ ప్రార్థనా మందిరంలో బృందగానం చేసేవారు. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర కూర్చున్నప్పుడు గాలి అదిరినట్టు అనిపించింది. శబ్దం మాత్రం లేదు. చిన్నప్పుడు ఆర్గన్ పెద్ద గొట్టం దగ్గర కలిగిన అదురు ఇదేనని గుర్తొచ్చింది. రికార్డు చేసి, వేగం పెంచి విన్నారు. మనకు వినబడని గొంతుతో ఏనుగులు మాట్లాడుకుంటున్నాయని లోకానికి అలా తెలిసింది.

మనిషి గొంతు విషయానికొస్తే రికార్డు అమెరికన్ గాయకుడు టిమ్ స్టార్మ్స్‌ది. 2012లో ఆయన పలికిన స్వరం 0.189 హెర్ట్జ్. ఒక్క కంపనం పూర్తవడానికి అయిదు సెకన్లకు పైగా పడుతుంది. పరికరాలు కొలిచాయి, గిన్నిస్ రాసుకుంది. శ్రోతలకు దక్కిందేమీ లేదు కాబట్టి దీన్ని గానం అనడానికి నాకు నోరు రాదు.

సున్నం రాలింది, ముల్లు ఎగిరింది

1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమా కోసం యూనివర్సల్ సంస్థ సెన్సరౌండ్ అనే పద్ధతి తెచ్చింది. హాల్లో భారీ ఊఫర్లు పెట్టి భూకంపం సీన్లలో సీట్లు అదిరేలా చేయడం దాని పని. హాలీవుడ్ చైనీస్ థియేటర్లో పైకప్పు సున్నం ప్రేక్షకుల నెత్తిన రాలకుండా వల కట్టాల్సి వచ్చింది. రెండు మూడు తెరలున్న వేరే హాళ్లలో, పక్క తెర మీద ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం చూస్తున్నవాళ్లకు కూడా ఉచితంగా భూకంపం దొరికేది. ఆస్కార్‌వాళ్లు ఆ పద్ధతికి సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

ఆ తర్వాత 1979లో టెలార్క్ కంపెనీ చైకోవ్‌స్కీ ‘1812 ఓవర్చర్’ రికార్డు విడుదల చేసింది. అందులో నిజమైన ఫిరంగులు పేల్చారు. ఆ మోతకు రికార్డు మీది గాడి ఎంతగా వంకరలు పోయిందంటే, చాలా ఇళ్లలో గ్రామఫోన్ ముల్లు ఎగిరి పక్కకు పడేది. స్పీకర్లు జాగ్రత్త అని అట్ట మీదే అచ్చువేశారు. ఆ హెచ్చరికే అమ్మకాలకు ప్రచారమైంది.

దయ్యం సంగతి

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు రాత్రి ల్యాబులో పనిచేస్తుంటే చెమటలు పట్టాయి, కంటి చివర బూడిదరంగు ఆకారం కనబడింది. మర్నాడు వైస్‌లో బిగించిన కత్తిసాము కత్తి దానంతటదే ఊగడం చూసి ఆరా తీశాడు. కొత్తగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వల్ల గదిలో 19 హెర్ట్జ్ దగ్గర అల నిలిచిపోయిందని తేల్చి 1998లో రాశాడు. కథ బాగుంది, నేటికీ తిరుగుతోంది. కానీ తర్వాత లండన్‌లో క్రిస్ ఫ్రెంచ్ బృందం ప్రత్యేకంగా ఒక గది కట్టి, ఇలాంటి శబ్దాలు వదిలి చూస్తే, జనానికి కలిగిన వింత అనుభూతులకూ ఆ శబ్దాలకూ సంబంధం కనబడలేదు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. దయ్యాన్ని నమ్మకపోయినా ఫ్యాన్‌ను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఫలానా స్వరం వింటే కడుపు పట్టు తప్పుతుందనే పుకారు ఉంది చూశారూ, అదీ ఇంతే. ‘మిత్‌బస్టర్స్’ టీవీ వాళ్లు పెద్ద స్పీకర్ల మధ్య మనిషిని నిలబెట్టి పరీక్షించారు, ఏమీ కాలేదు.

ఊపిరితిత్తుల సంగతి మాత్రం పుకారు కాదు. 2004లో ‘థొరాక్స్’ వైద్య పత్రికలో బెల్జియం డాక్టర్లు కొందరు యువకుల కేసులు రాశారు. స్పీకర్ల పక్కన నిలబడ్డవాళ్లు, కారులో వెయ్యి వాట్ల బేస్ బాక్సు పెట్టుకున్నవాడు ఉన్నట్టుండి ఛాతీ నొప్పితో వచ్చారు. ఊపిరితిత్తి పొర చిరిగి గాలి బయటికి పోయింది. చాలా అరుదైన విషయమే. అయినా డీజే బాక్సును ఆనుకుని ఆడటం మానుకోవచ్చు కదా.

డీజే అనగానే మన ఊరేగింపులు గుర్తొస్తాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. దేశమంతటికీ వర్తించే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. అయితే ఆ కొలత ‘ఎ’ పద్ధతిలోది. చెవికి అంతగా ఆనని మంద్రస్థాయిని అది బాగా తగ్గించి లెక్కేస్తుంది. 31.5 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 39 డెసిబెల్స్ కోత! కిటికీ అద్దాలు గడగడలాడించే 90 డెసిబెల్స్ బేస్ ఒక్కటే మోగితే మీటరు మీద 51 కనబడుతుంది, అంటే పగటిపూట అది నిబంధనలకు లోబడినట్టే. చాలా మీటర్లలో ‘సి’ అనే మరో పద్ధతి కూడా ఉంటుంది. అది అదే చోట 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది. గోడలు అదురుతున్నాయని ఫిర్యాదు చేసేవాళ్లు, కొలవడానికి వచ్చినవారిని ఆ రెండో రీడింగు కూడా రాసుకోమని అడగండి.