లెక్కకు అందని పద్దు

పోచంపాడు నుండి నిజామాబాదు మీదుగా బోధనుకు పోయే బాటసారికి రెండు యుగాలు కంటబడతాయి. పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అది ప్రజాప్రభుత్వ కాలపు కృషి. బోధను చక్కెర కర్మాగారం 1937లో వెలసింది. అది సంస్థాన కాలపు సృష్టి. నిజాంసాగరు కాలువలు చెరకు పండించగా, ప్రభుత్వ ధనం యంత్రాలను నిలబెట్టింది. సంస్థానపు చివరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ఆ పారిశ్రామిక యుగానికి చెందినవారే.

రాజకీయవేత్తలు పదవులు ముగిసిన పిదప వాణిజ్యంలో ప్రవేశించడం లోకంలో పరిపాటి. లాయక్ అలీ నడచిన దారి దానికి విపరీతం. ఆయన వృత్తిచేత ఇంజనీరు, దక్షతచేత పారిశ్రామికుడు. 1947 చివర భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరిన వెంటనే ప్రధాని పదవి ఆయనను వరించింది.

పదవితోపాటు సంస్థాన రక్షణభారమూ తలకెత్తుకోవలసి వచ్చింది. పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల భారత రుణపత్రాలు అప్పుగా ఇచ్చే ఏర్పాటు జరిగింది. కరాచీ నుండి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు విమానాలలో ఆయుధాలు చేరవేశాడు. ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్లింది. ధనం, సామగ్రి, కాలం - కర్మాగారం నడిపేవానికి తెలిసిన లెక్క ఇదే.

ఆ లెక్కలో ప్రజలనే పద్దు లోపించింది. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో రైతులు దొరలను ఎదిరించి నిలిచారు. రజాకార్ల దౌర్జన్యాలకు ఊళ్లు తల్లడిల్లాయి. ఇక్కడి నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యులు గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాశారు. ఆ బొగ్గుముక్క విలువ ఏ ఖాతాకు ఎక్కుతుంది?

1948 సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించాయి. 17న మంత్రివర్గం రాజీనామా చేసింది. అయిదు రోజులలో అంతా ముగిసింది. గృహనిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో తప్పించుకొని పాకిస్తాను చేరారు. హైదరాబాదు పతనాన్ని గురించి 1962లో తన వాదం గ్రంథస్థం చేశారు. 1971లో న్యూయార్కులో కన్నుమూశారు.

బోధను యంత్రాలు కూడ 2015లో ఆగిపోయాయి. యంత్రాన్ని నడపడానికి నేర్పు చాలును. రాజ్యాన్ని నిలపడానికి ప్రజల మనసు కావాలి. ఆ మనసు నెరుగని నేర్పరికి, ఎంత మేధావి అయినా, చివరకు శేషం సున్నయే.