చెడిన ప్రతినుండి మూలోద్ధరణము: పల్నాటివీరచరిత్రము

ఒక గ్రంథమును రెండుచోట్ల వ్రాసియుంచినంతమాత్రమున నది సురక్షితమని తలంచుట పొరపాటు. మూలమందలి దోషము ప్రతిలోనికిని సంక్రమించును. తాటియాకులపై వ్రాసిన కావ్యములకును, నేఁటి గణకయంత్రములందు దాఁచు డేటాబేసులకును నీవిషయమున భేదము లేదు. బ్యాకప్ సర్వరునందలి ప్రతియే చెడియున్నపుడు దానిని బాగుచేయువారి క్రమమును, తాళపత్రపాఠమును పరిష్కరించువారి క్రమమును సరిపోల్చినచోఁ బాఠపరిష్కరణమర్మము సులభముగ బోధపడును. ఇందులకుఁ బల్నాటివీరచరిత్రము మంచి నిదర్శనము.

క్రీ.శ. 12వ శతాబ్దియందు గురజాల, మాచెర్ల రాజుల నడుమఁ గారెంపూడికడ జరిగిన యుద్ధము దీని కితివృత్తము. 15వ శతాబ్దివాఁడైన శ్రీనాథుని పేరఁ బ్రసిద్ధమైన ద్విపదకావ్యమున బాలచంద్రుని యుద్ధఘట్టము లభించుచున్నది. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి 1911వ సంవత్సరమునఁ బ్రకటించిరి.

చెడిన ప్రతిపైఁ జేయి చేసికొనరాదనుట మొదటి నియమము. డేటాబేసును బాగుచేయువాఁడు ముందుగాఁ జెడినదాని నున్నదున్నట్లుగ నింకొకచోటికిఁ బ్రతి తీసి, యా ప్రతిమీఁదనే ప్రయత్నము సాగించును. ప్రయత్నము విఫలమైనను మొదటిది మిగిలియుండును. 1821లో గతించిన కాలిన్ మెకంజీ సేకరింపించిన గ్రామకైఫీయత్తులు శిథిలమగుచుండఁగా సి. పి. బ్రౌను వానికిఁ బ్రతులు వ్రాయించెను. ఆ ప్రతులే స్థానికచరిత్రములను పేర నేఁడు చరిత్రకారుల కుపయోగపడుచున్నవి.

దోషమును గుర్తించుట రెండవపని. డేటాబేసునందుఁ బ్రతిపుటకును దానిలోని విషయమునుబట్టి లెక్కించిన యొక సంఖ్య చేర్పఁబడియుండును. దీనిని చెక్‌సమ్ము అందురు. మరల లెక్కించునపుడా సంఖ్య సరిపడనియెడల పుట చెడినదని తెలియును. చెడకముందేమి యుండెనో మాత్రము తెలియదు. కావ్యమున నీపనిని ఛందస్సు చేయును. ద్విపదపాదమున మూఁడింద్రగణములును, నొక సూర్యగణమును నుండును. పాదమునకు మాత్రలు 15కుఁ దగ్గవు, 18కి మించవు. మూఁడవగణముయొక్క మొదటి యక్షరమున యతి కుదురవలెను. లేఖకుఁ డొక యక్షరము విడిచినచో గణము తఱచుగా భంగపడి దోషము బయల్పడును. కాని లఘువునకు మాఱుగ వేఱొక లఘువు పడినచో గణము చెడదు. ఆ యక్షరము యతిస్థానమందుండిననే తప్పు తెలియును.

ఇచ్చట నొక చిక్కు గలదు. సామాన్యద్విపదయందు రెండు పాదములకుఁ బ్రాస కుదురును. కావున నొకపాదము జాఱిపోయినచో జోడులేని పాదము దానిని చాటిచెప్పును. పల్నాటివీరచరిత్రము ప్రాసనియమములేని మంజరీద్విపద. రెండు పాదములు నొకేమాటతో ముగిసినపుడు లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానికి దాఁటి, నడిమి పాదము పోయినను ఛందస్సు పలుకదు. ఆ పాదమున నొక వీరుని పేరున్నచో నా పేరును దానితో పోవును.

అట్టిచోట స్వతంత్రసాక్ష్యమే శరణ్యము. ఒకే లోపముగల పదిప్రతులు పదిసాక్ష్యములు గావు. అవి యొకే చెడినమాతృకనుండి పుట్టినవగుటచే నొక్కటియే. బ్యాకప్ సర్వరునందును దోషము పుట్టినపిమ్మట రాత్రిరాత్రికిఁ దీసిన ప్రతులన్నియు నా దోషమునే మోయుచుండును. అందుచే దోషమునకుఁ బూర్వపుఁ బ్రతిని వెదకి, యటుపిమ్మటి లావాదేవీల చిట్టాను వరుసగ దానికిఁ జేర్తురు.

పల్నాట నట్టి స్వతంత్రసాక్ష్యము వీరవిద్యావంతుల గానము. కారెంపూడిలోఁ గార్తికామావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో నైదుదినములు వీరులయుత్సవము జరుగును. వీరనాయకులు 66 గురని ప్రసిద్ధి. ఈ సంఖ్యయు నొక చెక్‌సమ్మువంటిదే. పేర్లపట్టికలో లోపించినవారున్నారని యది హెచ్చరించును. గాయకుఁడు పాడిన కథను జీన్ రోఘైరు ఆంగ్లమున ననువదించి 1982లోఁ బ్రకటించెను. అయినను గానమునుండి వీరుల పేర్లను, కథాక్రమమును సరిచూచుకొనవచ్చునేగాని, యందలి మాటలను గ్రంథమునఁ జొప్పించరాదు. అది వేఱొక సంప్రదాయము.

కడపటి నియమ మన్నిటికంటె ముఖ్యము. ఊహించి పూరించినదానికి గుర్తుండవలెను. లోపము కనఁబడుచున్నంతకాలము దానిని వెదకువాఁడు పుట్టవచ్చును. గుర్తులేక పూరించినచో లోపమున్నదని యెఱుఁగువాఁడే యుండఁడు.