అండమాన్‌కు తొలిసారి వెళ్తున్నారా? బ్యాగుతోపాటు కాస్త సైన్సూ సర్దుకోండి

డిసెంబరులో హైదరాబాదు నుంచి ఒక కుటుంబం అండమాన్ వెళ్లిందనుకుందాం. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం ఐదింటికి తీరిగ్గా బీచికి బయల్దేరారు. తీరా చూస్తే అక్కడ సూర్యుడు అస్తమించి చీకట్లు ముసురుకుంటున్నాయి. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. మొదటిసారి వెళ్లేవారిలో చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది.

దీవి మన ఊరిలాంటిది కాదు. అక్కడ గడియారం, నీళ్లు, ఎండ, ప్రయాణం అన్నీ కొంచెం వేరుగా నడుస్తాయి. ఎందుకలా నడుస్తాయో ముందే తెలిస్తే డబ్బు, సమయం మిగులుతాయి. కొన్ని సందర్భాల్లో ప్రాణమూ నిలుస్తుంది.

ముందుగా పేర్ల సంగతి. 2018లో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. టికెట్ల మీద, బోర్డుల మీద పాత పేర్లూ కొత్త పేర్లూ కలిసి కనిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి.

గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం ముందే

భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఈ గీత మన కాకినాడకు దగ్గరగా పోతుంది. శ్రీవిజయపురం అంతకంటే దాదాపు 10 డిగ్రీలు తూర్పున ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అంటే అక్కడ సూర్యుడు కాకినాడ కంటే సుమారు 40 నిమిషాలు, హైదరాబాదు కంటే దాదాపు గంట ముందుగా నడినెత్తికి వస్తాడు. గడియారం మాత్రం అన్నిచోట్లా ఒకే సమయం చూపిస్తుంది.

అందుకే అండమాన్‌లో జూన్‌లో ఉదయం ఐదింటికే సూర్యోదయం అవుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యాస్తమయం అయిపోతుంది. అక్కడివారు పనులు పొద్దున్నే మొదలుపెడతారు. మీరూ అలాగే చేయండి. ఉదయం ఐదున్నర, ఆరు గంటలకు బయల్దేరి, పెద్ద కార్యక్రమాలన్నీ మధ్యాహ్నం మూడింటిలోపు ముగించేలా ప్రణాళిక వేసుకోండి.

ఎండ లెక్క కూడా మారుతుంది

ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఎండలో తిరగవద్దని ఇక్కడ చెబుతారు. అండమాన్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, పదకొండుంబావు ప్రాంతంలో. కాబట్టి అక్కడ జాగ్రత్త పడాల్సిన వేళ తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు. సరిగ్గా ఆ వేళల్లోనే చాలామంది పర్యాటకులు నీళ్లలో ఉంటారు.

నీళ్లలో ఉంటే ఎండ తగలదనుకోవడం పొరపాటు. అతినీలలోహిత కిరణాలు నీటిలోకి చొచ్చుకుపోతాయి. అర మీటరు లోతులో కూడా ఉపరితలంపై ఉండే తీవ్రతలో సుమారు 40 శాతం ఉంటుంది. పొడి ఇసుక కొన్ని కిరణాలను తిరిగి మన మీదికే పరావర్తనం చేస్తుంది. నీరు చల్లగా ఉండటంతో చర్మం కమిలిపోతున్న సంగతి అప్పటికి తెలియదు. స్నోర్కెలింగ్ చేసినవారికి వీపు, మెడ, కాళ్ల వెనక భాగం మండటం రాత్రికి మొదలవుతుంది.

దీనికి మంచి ఉపాయం పొడుగు చేతుల ఈత చొక్కా. సన్‌స్క్రీన్ నీటిలో కరిగిపోతుంది కానీ చొక్కా కరగదు. పైగా ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ వంటి రసాయనాలు పగడపు జీవుల పిల్లదశలకు హాని చేస్తాయని ప్రయోగశాల అధ్యయనాల్లో తేలింది. పలావ్, హవాయి వంటి దీవులు వీటిపై నిషేధం కూడా పెట్టాయి. సముద్రంలో ఈ హాని ఎంత మేరకు జరుగుతుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. ఒంటిని బట్టతో కప్పుకుంటే మీ చర్మానికీ, పగడాలకూ మేలే.

ఆటుపోట్లు చూసుకుని అడుగు వేయండి

షహీద్ ద్వీప్‌లో సముద్రం చెక్కిన సహజ శిలాతోరణం ఒకటి ఉంది. దాని దగ్గరికి నీరు వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. నీరు పెరిగే వేళకు వెళ్తే దూరం నుంచి చూసి తిరిగి రావలసిందే. అండమాన్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడంతో ఈ తేడా ఎక్కువవుతుంది. అప్పుడు నీటిమట్టంలో తేడా సుమారు రెండు మీటర్ల దాకా ఉంటుంది.

చంద్రుడు కూడా భూమి చుట్టూ తిరుగుతూ ఉంటాడు కాబట్టి ఆటుపోట్ల సమయం రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి నీరు బాగా తగ్గితే, రేపు తొమ్మిది గంటలకు కాస్త ముందు తగ్గుతుంది. ఈ చిన్న లెక్కతో మూడు నాలుగు రోజుల కార్యక్రమం మీరే వేసుకోవచ్చు. నీరు తగ్గినప్పుడు బయటపడిన రాళ్ల మీద దూరంగా నడిచి వెళ్తే, పోటు మొదలయ్యేలోపే వెనక్కి రండి. నీరు ఎప్పుడూ ముందు నుంచే రాదు, వెనక ఉన్న పల్లపు ప్రాంతాన్ని ముందుగా నింపి దారి మూసేయవచ్చు.

అనుమానం ఉంటే స్థానిక మత్స్యకారులను అడగండి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు రావచ్చు.

లోపలికి లాగే ప్రవాహం

ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి. కొన్నిచోట్ల ఆ నీరంతా ఒక సన్నని పాయలో చేరి వేగంగా లోపలికి పోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతుంటే, మధ్యలో ఒకచోట నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. ఈత రానివారు ప్రశాంతంగా ఉందని అక్కడే దిగుతారు. ప్రమాదం ఉన్నదీ అక్కడే.

ఈ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. దానికి ఎదురీది అలసిపోవడం వల్లే ఎక్కువ మంది మునిగిపోతారు. చిక్కుకుంటే కంగారు పడకుండా తేలుతూ ఉండండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ వెడల్పు సాధారణంగా తక్కువే ఉంటుంది. అది దాటాక అలలే ఒడ్డు వైపు నెడతాయి. ఈత రాకపోతే చెయ్యి పైకెత్తి సాయం కోసం పిలవండి. ఒడ్డున ఉన్నవారు నీళ్లలోకి దూకే బదులు తాడో, ఖాళీ డబ్బానో, తేలే వస్తువు ఏదైనా విసరాలి.

మొసళ్ల గురించి పెట్టిన హెచ్చరిక బోర్డులను తేలిగ్గా తీసుకోకండి. ఉప్పునీటి మొసలి మడ అడవుల్లోనూ, వాగులు సముద్రంలో కలిసే చోట్లా ఉంటుంది, సముద్రంలోనూ చాలా దూరం ఈదగలదు. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడ్డాక, వాగుల మొగల దగ్గర నీటిలో దిగకపోవడమే రక్షణ.

చివరి రోజు డైవింగ్ వద్దు

స్కూబా డైవింగ్ చాలామందికి ఈ యాత్రలో పెద్ద ఆకర్షణ. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటే రెట్టింపు అవుతుంది. ఆ పీడనం వద్ద పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది నెమ్మదిగా, గంటల తరబడి ఊపిరి ద్వారా బయటికి పోవాలి.

ఆలోపే విమానం ఎక్కితే ఏమవుతుంది? విమానం లోపలి పీడనం రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉండేంత తక్కువగా ఉంటుంది. గోలీసోడా గోలీని నొక్కగానే బుడగలు ఎలా పొంగుతాయో, కరిగిన నైట్రోజన్ అలా బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, తీవ్రమైతే పక్షవాతం కూడా రావచ్చు. అందుకే ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ వైద్య నిపుణులు చెబుతారు. ఒక పూర్తి రోజు వదిలేస్తే ఇంకా నయం. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉంటే దాచకుండా ముందే చెప్పండి. జలుబు ఉన్న రోజు డైవింగ్ మానుకోండి.

ఒక రోజు చేతిలో ఉంచుకోండి

దీవుల మధ్య ప్రయాణం సముద్రం దయ మీద ఆధారపడుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు. ఆ తర్వాత డిసెంబరు వరకు బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపాన్లు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. 2016 డిసెంబరులో, తర్వాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల ఫెర్రీలు ఆగిపోయి, వెయ్యి మందికి పైగా పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు. వారిని నౌకాదళం, ఇతర రక్షణ బృందాలు తీసుకురావలసి వచ్చింది.

కాబట్టి తిరుగు విమానానికి ముందు రోజే శ్రీవిజయపురం చేరుకోండి. ఆ ఒక్క రాత్రి హోటల్ ఖర్చు, పోయిన విమాన టికెట్ల ఖర్చు కంటే చాలా తక్కువ. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) అలల ఎత్తు, గాలి వేగం అంచనాలను ఉచితంగా అందిస్తుంది. బయల్దేరే ముందు వాటిని, వాతావరణ శాఖ హెచ్చరికలను చూడండి.

ఓడలో వికారం కలగడానికి కారణం మెదడుకు అందే సమాచారంలో తికమక. లోపలి చెవి కదులుతున్నామని చెబుతుంది. ఓడ గది గోడను చూస్తున్న కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఓడ మధ్య భాగంలో కూర్చుని, దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీతను చూస్తే తగ్గుతుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి, ప్రయాణానికి ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేసుకున్న మాత్ర అంతగా పనిచేయదు.

భూమి కంపిస్తే సైరన్ కోసం చూడకండి

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మొదలైన భూకంపం ఉత్తరంగా అండమాన్ వరకు భూఫలకాల సరిహద్దును చీల్చుకుంటూ వచ్చింది. నికోబార్ దక్షిణాన ఉన్న ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల నేల పైకి లేచి, పగడాలు నీటి బయట పడ్డాయి. ఆ విషాదం తర్వాత 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే అది సమాచారం పంపుతుంది.

విశాఖకో చెన్నైకో సునామీ చేరాలంటే రెండు గంటలకు పైగా పట్టవచ్చు. అండమాన్ నికోబార్ దీవులు మాత్రం భూకంప మండలం మీదే ఉన్నాయి. అక్కడ కొన్ని నిమిషాల్లోనే అల రావచ్చు. కాబట్టి నిలబడలేనంతగా నేల కంపించినా, చాలాసేపు ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా అదే హెచ్చరిక. సామాన్లు వదిలేసి ఎత్తైన చోటికి వెళ్లండి. మొదటి అల తర్వాత దిగి రావద్దు, అలలు గంటల తరబడి వస్తూనే ఉంటాయి. హోటల్‌లో దిగగానే దగ్గర్లోని మిట్ట ఎటువైపు ఉందో అడిగి తెలుసుకోండి.

తాకకూడనివి, తేకూడనివి

పగడం రాయిలా కనిపించే జీవుల కాలనీ. గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. మీరు ఒక్క నిమిషం దాని మీద నిలబడితే కొన్ని దశాబ్దాల పెరుగుదల విరిగిపోవచ్చు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబోయాయి. కోలుకుంటున్న వాటికి మన కాళ్ల దెబ్బ అదనపు భారం. పగడపు ముక్కలను తీసుకురావడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేస్తారు. ఖాళీ గవ్వలను కూడా అక్కడే వదిలేయండి. సన్యాసి పీతలకు అవే ఇళ్లు.

జరావా, సెంటినలీ తదితర ఆదిమ తెగల ప్రాంతాల్లోకి వెళ్లడం, వారిని ఫొటోలు తీయడం, వారికి తినుబండారాలు ఇవ్వడం చట్టవిరుద్ధం. దీని వెనక వైద్య కారణం కూడా ఉంది. వేల ఏళ్లు విడిగా జీవించినవారికి మన సాధారణ జ్వరాలను తట్టుకునే రోగనిరోధక శక్తి ఉండదు. పంతొమ్మిదో శతాబ్దంలో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు, 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. అందుకు బయటివారు తెచ్చిన వ్యాధులు ఒక ప్రధాన కారణం. మీ దగ్గు ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదు.

నీటిని కూడా పొదుపుగా వాడండి. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడినా, నిటారు కొండల మీద నుంచి ఆ నీరు త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. వేసవిలో ఊరివారికే నీటి కటకట ఉంటుంది.

సంచిలో ఇవి ఉన్నాయా?

- పొడుగు చేతుల ఈత చొక్కా, టోపీ, నీళ్ల సీసా
- దోమల మందు, ఇసుక ఈగల కోసం ఒంటికి రాసుకునే నూనె
- రోజూ వాడే మందులు రెండు మూడు రోజులకు సరిపడా అదనంగా, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- రాళ్ల మీద జారని చెప్పులు. కాళ్లకు పుండ్లుంటే వాన తర్వాత బురద నీటిలో నడవకండి. ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అక్కడ ఉంది
- కొంత నగదు, ఫోనులో ముందే దించుకున్న మ్యాపు. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగైంది కానీ అన్నిచోట్లా అందదు

ఇక గడియారంలో అలారం మార్చుకోండి. అండమాన్‌లో ఐదింటికి లేచినవారికే సముద్రం నిండుగా దొరుకుతుంది.