గాలిని నెట్టు రెక్కలు

విద్యుత్కేంద్రములందును, విమానములందును పనిచేయు గాస్ టర్బైనును గూర్చి శ్రోతలు వినియే యుందురు. దాని సూత్రము చెప్పుట సులభము. గాలిని పీల్చి, అదిమి, అందు ఇంధనమును మండించి, ఆ వేడిగాలిచే చక్రమును త్రిప్పవలెను. కాని యీ యంత్రము తన్ను తాను నడపుకొనుటకే చాలకాలము పట్టినది. 1903లో నార్వే దేశస్థుడు ఎజిడియస్ ఎల్లింగ్ నిర్మించిన టర్బైను తన కంప్రెసరును త్రిప్పుకొనగా మిగిల్చినది 11 అశ్వశక్తి మాత్రమే. అదియే ఘనవిజయము.

కారణము లెక్కలోనే యున్నది. టర్బైను 300 అశ్వశక్తి నిచ్చెననుకొందము. అందు 200 కంప్రెసరే తినివేయును. మనకు దక్కునది 100. కంప్రెసరు సామర్థ్యము నూటికి 88 నుండి 80కి తగ్గెనా, అదే పనికి దానికి 220 కావలెను; మనకు మిగులునది 80. రెక్కల యొద్ద కలిగిన లోపము మన చేతికి వచ్చుసరికి అయిదవ వంతు నష్టమైనది.

టర్బైను రెక్క కంటె కంప్రెసరు రెక్క ఏల కష్టము? టర్బైనులో గాలి, పల్లమునకు పారు కాలువనీటి వలె, అధికపీడనము నుండి అల్పపీడనమునకు తనంత పోవును. కంప్రెసరులో దానిని మెరకకు నడపవలెను. రెక్కల నడుమ గాలి వేగమును తగ్గించిననే పీడనము పెరుగును. అయితే రెక్కనంటియుండు పలుచని గాలిపొర రాపిడిచే ముందే నీరసించి యుండును. దానిపై పీడనమును ఒక్కసారిగ పెంచినచో ఆ పొర రెక్కను విడిచి సుళ్లు తిరుగును. దీనిని ఇంజనీర్లు స్టాల్ అందురు. అది ముదిరి, గాలి మొత్తము వెనుకకు తన్నినచో దాని పేరు సర్జ్. ఆ తాకిడికి రెక్కలు విరుగుటయు కలదు. అందుచేతనే పీడనమును కొంచెము కొంచెముగ పెంచుదురు. తిరుగు రెక్కలొక వరుస, కదలని రెక్కలొక వరుస కలిసి ఒక జంట. ఒక్కొక్క జంట పీడనమును 1.2 రెట్లు చేసినను, పది జంటలు దాటునప్పటికి అది ఆరు రెట్లు మించును.

1884లో ఆవిరి టర్బైనును నిర్మించిన చార్లెస్ పార్సన్స్ 20వ శతాబ్దారంభమున ఇట్టి కంప్రెసర్లను చేసి, తృప్తికరమైన ఫలితము లేక విడిచెను. అంతటి నిపుణునికి కొరుకుడు పడని చిక్కును 1926లో ఇంగ్లండునందలి ఫార్న్‌బరోలో ఎ. ఎ. గ్రిఫిత్ విప్పెను. (గాజు చిట్లుటను గూర్చిన ప్రసిద్ధ సిద్ధాంతము చెప్పినవాడును ఈయనయే.) వెనుకటి రెక్కలు స్టాల్ స్థితిలోనే తిరుగుచుండెననియు, వానిని విమానపు రెక్కల వలె మలచవలెననియు ఆయన వాదము.

అటుపిమ్మట అమెరికా జాతీయ విమానశాస్త్ర సలహా సంఘము వారి 65వ శ్రేణి ఆకృతులు చాలకాలము ఆధారములైనవి. 1980 ప్రాంతము నుండి పద్ధతి తలక్రిందైనది. ఆకృతిని గీచి పీడనమును కొలుచుటకు బదులు, రెక్క వీపుపై ఎచట ఎంత వేగముండవలెనో ముందు నిర్ణయించి, దానికి తగిన వంపును కంప్యూటరుచే రాబట్టసాగిరి. ముందుభాగముననే వేగమును శిఖరమునకు చేర్చి, అక్కడినుండి గాలిపొర విడిపోకుండ మెల్లగ దించుట ఇందలి కీలకము.

ఒక్క గుణమునకే సానపట్టిన రెక్క మా దృష్టిలో మంచి రెక్క కాదు. నిర్ణీతకోణమున గాలి వచ్చినపుడు అత్యుత్తమముగ పనిచేసి, కొన్ని డిగ్రీలు మారినంతనే స్టాలగు రెక్క యంత్రమునకు ముప్పు. ఎండయు, చలియు, భారమును మారుచునే యుండును కదా! కావున కొంత నష్టమునకు ఓర్చియైనను ఆ వెసులుబాటును నిలుపుదురు. మరి యెంత ఖచ్చితముగ గీచిన మొనపైనను వాడుకలో దుమ్ము, ఉప్పు, నూనెజిడ్డు పేరుకొనును. ఆ గరుకునకు గాలిపొర మందమై, శక్తి తగ్గును. ఫిల్టర్లున్నను విద్యుత్కేంద్రములలో కంప్రెసరును అప్పుడప్పుడు నీటితో కడుగుట ఇందులకే.