కారే నల్లాకు వాషర్ చాలునా, కొత్తది కావాలా?

ఖైరతాబాద్: ఈ కూడలిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య విగ్రహం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత ఆయన ఇచ్చిన సలహా మీదనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. 1989లో ఏర్పడిన జలమండలి ప్రధాన కార్యాలయం కూడా ఖైరతాబాద్‌లోనే ఉంది. నగరానికి నేడు కృష్ణా, గోదావరి నీళ్లు నూరు కిలోమీటర్లకు పైబడి పైపుల్లో, పంపుల బలం మీద వస్తున్నాయి. అంత దూరం వచ్చిన నీటిని చివరకు ఆపవలసింది వంటింటి గోడకున్న అరంగుళం నల్లా.

పల్లెల మాటా అంతే. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంతో తెలంగాణ గ్రామాల్లో ఇంటింటికీ నల్లా వచ్చింది. నల్లా వచ్చినంత సులువుగా దాన్ని బాగుచేసే మనిషి రాడు. ప్లంబరు కావాలంటే మండల కేంద్రానికి కబురు పెట్టాలి. కాబట్టి ఏ రోగానికి వాషర్ చాలునో, ఏ రోగానికి నల్లానే మార్చాలో ఇంటివారికే తెలిసి ఉండటం మంచిది.

చుక్కే కదా అని ఊరుకునేవారు ఒకసారి లెక్క వేసుకోవాలి. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, నెలకు సుమారు 130 లీటర్లు పోతాయి. డబ్బు లెక్కన ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. కాని రెండు రోజులకో మూడు రోజులకో నీళ్లు వదిలే ఊళ్లో, మోటారు పెట్టి ట్యాంకు నింపుకునే ఇంట్లో ఆ నీటి విలువ వేరు. పైగా చుక్క చుక్కగానే ఆగిపోదు. పది రోజులకు సన్నని ధార అవుతుంది.

పాత రకం ఇత్తడి నల్లా లోపలి నిర్మాణం చాలా తేలిక. పిడి తిప్పితే మరల మీదుగా కాడ కిందికి దిగుతుంది. దాని అడుగున ఉన్న రబ్బరు వాషర్ ఒక గుండ్రని అంచు మీద కూర్చుని నీటిని అడ్డుకుంటుంది. ఆ అంచునే పనివాళ్లు సీటు అంటారు. రబ్బరు అరిగితే నోటి నుంచి నీరు కారుతుంది. కొద్ది రూపాయల వాషర్‌తో అది పోయే జబ్బు. కాని మన ఇళ్లలో చేసేదేమిటి? కారుతున్నకొద్దీ బలం పెట్టి బిగిస్తారు. ఆ బిగింపుకు వాషర్ చితికిపోతుంది, మరలు అరుగుతాయి. బోరు నీళ్లలో వచ్చే సన్నని ఇసుక మధ్యలో చిక్కి సీటు మీద గాట్లు పెడుతుంది. నల్లాలు వయసు మీరి పోవడం కన్నా ఇంటివారి చేతి బలానికి పోవడమే ఎక్కువ.

కొత్త వాషర్ వేసినా నీరు ఆగలేదంటే, లేదా కొద్ది వారాల్లోనే మళ్లీ కారిందంటే, లోపం సీటులో ఉందని తెలుసుకోవాలి. పనిముట్టు ఉన్న ప్లంబరు దాన్ని ఒకసారి నూరి నునుపు చేయగలడు. ఆ తర్వాతా కారితే నల్లా మార్చవలసిందే. పిడి ఎంత తిప్పినా పట్టు దొరక్క ఊరకే తిరుగుతుంటే మరలు పోయినట్టు. దానికీ మందు లేదు. నల్లా ఒంటి మీద పగులు కనిపించినా, ఇత్తడి అక్కడక్కడ గులాబీ రంగుకు తిరిగినా జాగుచేయరాదు. ఆ రంగు జింకు కరిగిపోయి గుల్లబారిన రాగిది. అది ఏనాడైనా విరగవచ్చు. ఇంట్లో ఎవరూ లేని వేళ విరిగితే ట్యాంకు మొత్తం వంటింట్లోనే!

మార్చనక్కరలేనివీ ఉన్నాయి. నీళ్లు విడిచినప్పుడు పిడి కింద నుంచి ఊరితే పైనున్న గ్లాండు నట్టు కాస్త బిగించాలి, లేదా లోపల కొత్త దారం చుట్టాలి. ధార సన్నబడితే ముందు నల్లా మూతిని చూడాలి. గట్టి నీళ్ల ఊళ్లలో మూతి జల్లెడకు తెల్లని సున్నపు పొర పడుతుంది. జల్లెడ విప్పి నిమ్మరసంలో కాసేపు ఉంచి తోమితే పోతుంది. పాలిష్ పోయినంత మాత్రాన నల్లా చెడినట్టు కాదు. పావు మలుపుకే తెరుచుకునే కొత్త రకాల్లో వాషర్‌కు బదులు పింగాణీ బిళ్లలుంటాయి. వాటికి లోపలి భాగం ఒక్కటే దొరుకుతుందో లేదో కొనేటప్పుడే అడగాలి. దొరకని రకాన్ని ఎంత అందంగా ఉన్నా కొనకపోవడమే మేలు.

మార్చే రోజున ముందు గేటు వాల్వు కట్టాలి. పాత నల్లాను విప్పి దుకాణానికి చేతపట్టుకుపోతే కొలత తప్పదు. ఇనుప పైపు ఇళ్లలో ఒక పానాతో పైపును అదిమి పట్టి, రెండో పానాతో నల్లాను తిప్పాలి. ఈ చిన్న జాగ్రత్త లేకనే గోడలోని పైపు తిరిగి, తుప్పుపట్టిన చోట తెగి, పది నిమిషాల పని గోడ పగలగొట్టే దాకా పోతుంది. తెల్ల టేపును మర బిగుసుకునే వైపుకే చుట్టాలి. ఎదురు చుడితే ఊడివస్తుంది.

కొనేటప్పుడు చేతిలో బరువు చూడాలి. మరీ తేలికగా ఉండి పైన మెరిసేవి తరచు ఇత్తడివి కావు. ఇత్తడి బిబ్ నల్లాలకు భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 781 అనే ప్రమాణం నిర్ణయించింది. ఆ గుర్తు కోసం వెతకాలి. ఇత్తడిలో సీసం కలుస్తుంది గనుక, కొత్తగా బిగించిన నల్లాలో రాత్రంతా నిలిచిన నీటిని తెల్లవారి తాగడానికి పట్టరాదు. మొదటి చెంబెడు మొక్కలకు పోయవచ్చు. పాత ఇత్తడి నల్లాను చెత్తలో వేయకూడదు. పాతసామాను వాళ్లు దాన్ని తూకానికి కొంటారు.